గోడలో కొలువున్న హెచ్‌డీఎంఐ వారికి విన్నపం

మహారాజశ్రీ హెచ్‌డీఎంఐ కేబుల్ గారి సముఖానికి,

నెల్లూరు వేదాయపాలెం నుంచి ఒక గృహస్థు రాసుకొంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. తమరు క్షేమమని తలుస్తాను. మా హాలు గోడ మాత్రం క్షేమంగా లేదు.

2012లో మేము ఈ ఇల్లు కట్టుకొనే రోజుల్లో తమరిని కేబుల్ అని ఎవరూ అనలేదు, శాశ్వత పరిష్కారం అన్నారు. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ పసుపు, ఎరుపు, తెలుపు తలల తీగలతో కుస్తీ పట్టి, బొమ్మ వస్తే మాట రాక, మాట వస్తే బొమ్మ రాక విసిగిపోయినవాణ్ణి కాబట్టి, రెండింటినీ ఒక్క తీగలో మోసుకొచ్చే తమరు నాకు దైవంలా కనిపించడంలో వింత లేదు. పైపు వేసి అందులోంచి లాగుదామా అని మాటవరసకు అడిగితే, మా ఎలక్ట్రీషియన్ "పైపు దేనికి సామీ, దండగ! మళ్లీ బయటికి తీసేదేమన్నా ఉందా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది. గోడకు గాడి కొట్టి, పది మీటర్ల తమ దేహాన్ని అందులో పడుకోబెట్టి, సిమెంటు పూసి, దానిపైన చీమకుర్తి నల్ల గెలాక్సీ గ్రానైటు పలకలు అంటించాము. వాస్తు సిద్ధాంతిగారి మాట మీద తలుపును మూడంగుళాలు జరిపినవాళ్లం, పైపు సంగతి మాత్రం రెండో మనిషిని అడగలేదు.

తొమ్మిదేళ్లు తమరు లోటు చేయలేదు. 2021లో పాత ప్రొజెక్టరు తీసేసి, అంతకంటే స్పష్టమైన బొమ్మ చూపే 4కె ప్రొజెక్టరు తెచ్చిన రోజున తమ లీలలు మొదలయ్యాయి. సినిమా పెడితే కళకళలాడుతూ వచ్చింది. సాయంత్రం మా నాన్నగారు క్రికెట్ పెట్టమంటే తెర నల్లబడింది, వెలిగింది, మళ్లీ నల్లబడింది. వెలిగినప్పుడల్లా బొమ్మ నిండా తెల్లటి మిణుకులు. ఆటగాళ్లు గెలాక్సీ గ్రానైటు మీద పరుగెత్తుతున్నారేమోనని మేమంతా ఒక్క క్షణం భ్రమపడ్డాము. కారణం తరవాత తెలిసింది. తమరు సెకనుకు 10.2 గిగాబిట్ల సమాచారం మోసే తరానికి చెందినవారు. సెకనుకు 24 ఫ్రేములతో నడిచే 4కె సినిమాకు తొమ్మిది గిగాబిట్లలోపే సరిపోతుంది కనుక దాన్ని మోశారు. 60 ఫ్రేములతో వచ్చే 4కె ఆటకు దాదాపు 18 కావాలి కనుక దాన్ని నడిదారిలో దించేశారు. ఈ చిన్న లెక్కను నాన్నగారికి వివరించడానికి నాకు ఒక ఇన్నింగ్స్ పట్టింది.

తమ ముఖం చూసి మోసపోయానని ఒప్పుకొంటున్నాను. 2002 డిసెంబరులో పుట్టినప్పుడు ఏ 19 పిన్నులతో ఉన్నారో, నేటికీ అవే 19 పిన్నులు, అదే ఆకారం. లోపల మాత్రం సెకనుకు 4.95 గిగాబిట్లు 2006లో 10.2 అయ్యాయి, 2013లో 18, 2017లో వచ్చిన 2.1 అనే కూర్పులో 48, 2025లో వచ్చిన 2.2లో 96. పాత తీగలు ఆ విషయంలో నిజాయితీగలవి; కాలం మారినప్పుడు మూతి కూడా మార్చుకొని, నేను ఇందులో పట్టను అని ముందే చెప్పేవి. తమరు ఎందులోనైనా పడతారు, పట్టిన తరవాత పని చేయరు.

పోనీ, కొత్తది కొందామని ట్రంకు రోడ్డులోని ఒక దుకాణానికి వెళ్తే అక్కడ తమ పేర్ల మాయ. డబ్బా మీద 2.1 అని ఉన్నంత మాత్రాన 48 గిగాబిట్లు ఉండి తీరాలన్న నియమం లేదట, ఆ సదుపాయాలన్నీ ఐచ్ఛికమట. అబ్బాయి ఇంజనీరే, ఏ పరీక్ష పాసయ్యాడని మాత్రం అడగకండి అనే పెళ్లిళ్ల పేరయ్య మాటలా ఉంది. అసలు కేబుల్‌కు ఈ అంకెలే వర్తించవనీ, అల్ట్రా హై స్పీడ్ అన్న ముద్ర ఉండి, ఫోనుతో స్కాన్ చేస్తే అది అసలైనదని తేలాలనీ తెలుసుకొనేసరికి రెండు నకిలీలు మా ఇంట చేరాయి.

మా ఊళ్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుందని తమకు తెలిసే ఉంటుంది. కోరిక కోరి రొట్టె పట్టుకొన్నవాళ్లు, అది తీరాక మళ్లీ వచ్చి రొట్టె ఇచ్చిపోతారు. నేను ఇంటి రొట్టె పట్టుకొన్నాను, ఇల్లు వచ్చింది, రొట్టె ఇచ్చి వచ్చాను. తమ పేరిట రొట్టె పట్టుకోవడానికి మాత్రం నాకు ధైర్యం చాలదు. కోరిక తీరిందనుకొని రొట్టె చేయించేలోపు తమరు ఇంకో అంకె తొడుక్కొంటారు.

చివరికి చేసిన పని ఇది. రాగి తీగలో 48 గిగాబిట్లు ఐదు మీటర్లు దాటించడం కష్టం కనుక రాగికి బదులు వెలుగుతో బొమ్మను మోసే పది మీటర్ల ఆప్టికల్ కేబుల్ తెప్పించి, గ్రానైటు మీదనే తెల్లటి కేసింగు పట్టీ బిగించి లాగించాము. నల్లరాయి మీద ఆ పట్టీ విభూతి రేఖలా ఉందని మా ఆవిడ అభిప్రాయం. ఆ కేబుల్‌కు ఒక కొస ప్లేయరు వైపు, ఇంకో కొస తెర వైపు అని ముద్రించి ఉంటుంది. తిరగేస్తే బొమ్మ రాదు. మేము తిరగేసే లాగాము. ఆ పూట పట్టీ అంతా విప్పి మళ్లీ బిగించిన ఎలక్ట్రీషియన్ పైపు దండగని చెప్పినవాడే. ఆ మాట నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఇప్పుడు మేడ మీద గది కడుతున్నాము. గోడలో రెండంగుళాల పైపు వేయించాను. మూలల్లో తమ తల ఇరుక్కొనే చిన్న ఎల్బోలు కాకుండా పొడుగాటి వంపులు పెట్టించాను. పక్కనే ఇంకో పైపు ఖాళీగా ఉంచితే మేస్త్రీ నా వంక జాలిగా చూశాడు. పెద్ద పైపులో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక నైలాన్ తాడు వదిలి, రెండు చివరలా ముడి వేసి ఉంచాను. ఇకపై తమరు ఏ అంకెతో వేంచేసినా ఆ తాడు కొసకు కట్టుబడి లోపలికి రావలసి ఉంటుంది, పొమ్మన్నప్పుడు అదే తాడుతో బయటికి పోవలసి ఉంటుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరిని గోడలో పూడ్చిన గృహస్థు