అది పాత ఇనుము కాదు, నా సైకిలు

పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. సెల్లారులో, నా పార్కింగ్ గీతల లోపలే, నా స్కూటీ పక్కన గోడకి ఆనించి పెట్టిన నా సైకిలు. వెనక చక్రం ఊడదీసి ఉంది, చైన్ కవరు లేదు. ఫోటో కింద మా సెక్రటరీ గారి మాట: "ఎవరిదండీ ఈ స్క్రాపు? ఆదివారంలోగా తియ్యకపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం." ఆ కింద వరసగా పళ్లికిలించే బొమ్మలు.

ఎవరిదో ఆయనకి తెలీదా? లిఫ్టు దగ్గర కనబడ్డప్పుడల్లా "ఏమ్మా, ఇంకా అవ్వలేదా నీ సైకిలు" అని అడిగేది ఆయనే. ఒక్క ఫోన్ చేస్తే పోయేదానికి బిల్డింగు మొత్తం ముందు నన్ను నిలబెట్టాలా?

అదే సెల్లారులో మూడో ఫ్లోర్ వాళ్ల కారొకటి ఉంది. కవరు మీద దుమ్ము అట్టకట్టింది, నాలుగు టైర్లలోనూ గాలి దిగిపోయింది, కింద పిల్లి పిల్లల్ని పెడుతోంది. దాని ఫోటో మాత్రం ఎవరూ తీయరు. ఎందుకంటే అది కారు. కదిలినా కదలకపోయినా దానికో మర్యాద. నా సైకిలు రేపో మాపో రోడ్డెక్కబోతోంది, అయినా స్క్రాపే.

ఆ స్క్రాపేంటో చెబుతాను వినండి. పాత అట్లాస్. బారున్న నల్ల సైకిలు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు. కంకిపాడు దగ్గర పాడి తీసేసిన ఒక పెద్దాయన కొట్టంలో ఉంటే బతిమాలి కొన్నాను. క్యారియర్ మీద పాలక్యాన్లు ఒరుసుకుపోయిన గీతలు ఇంకా ఉన్నాయి. ఫ్రేము ఎక్కడా వంగలేదు, ఒక్క అతుకు వదల్లేదు. 1951లో సోనీపట్‌లో మొదలైన కంపెనీ అది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున, సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేశారు. ఆ రోజు ఫేస్‌బుక్ నిండా "మా నాన్న అట్లాస్ సైకిలు" అంటూ ఎంత బాధపడ్డారో గుర్తుందా? అలా బాధపడ్డవాళ్లలో ఎంతమంది ఇళ్లలో ఆ సైకిలు మిగిలింది? మిగిల్చినవాళ్లని మాత్రం గ్రూపులో పెట్టి నవ్వుతారు.

ఇది నా మొదటి ప్రాజెక్టు. బ్యాంకు ఉద్యోగం, ఇల్లు, పిల్లల పరీక్షల టెన్షన్, వీటి మధ్య నాకంటూ పెట్టుకున్న ఒకే ఒక్క పని. అమెరికా వాళ్ల పాత క్రూయిజర్ సైకిళ్ల ఫోటోలు చూసి మనసు పారేసుకున్నాను. 1933లో షికాగోలో ష్విన్ కంపెనీ లావు బెలూన్ టైర్లు తెచ్చాక వచ్చిన రకం. వెడల్పు హ్యాండిలు, స్ప్రింగుల సీటు, నిటారుగా కూర్చుని తీరిగ్గా తొక్కే బండి. మన నల్ల సైకిలు దానికి వరసకి అక్కవుతుంది. అందుకే దీన్నే క్రూయిజర్‌గా మారుద్దామని దిగాను.

దిగితే గానీ తెలీదు ఈ పాత సైకిలు ఎంత ఆలోచించి కట్టిందో. బ్రేకు కడ్డీలు హ్యాండిలుకే బిగించి ఉంటాయి, కాబట్టి హ్యాండిలు మారిస్తే బ్రేకు పోయినట్టే. పోనీ వైరు బ్రేకు పెడదామంటే రిమ్ము ఒప్పుకోదు. ఈ బ్రేకు రబ్బర్లు రిమ్ముని పక్కల నుంచి నొక్కవు, లోపలివైపున పైకి లాగి పట్టుకుంటాయి. అందుకే రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి, వైరు బ్రేకుకి అక్కడ పట్టు దొరకదు. లావు టైరు పెడదామంటే మడ్‌గార్డు కింద చోటు లేదు. అన్నీ కొలుచుకుని, పుస్తకంలో రాసుకుని, హ్యాండిలు జోలికి పోకుండా సీటూ, రంగూ, క్యారియరూ, లైటూ మార్చాలని తేల్చుకున్నాను. తుప్పు పట్టిన చిన్న నట్లని చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టాను. గ్రీజు జిడ్డు కిరసనాయిలుతో వదిలించాను. క్రోము పైపుల్ని తడిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండతో రుద్దితే అద్దంలా తేలాయి. ఇంత పని జరుగుతున్న వస్తువుని ఫోటో తీసి స్క్రాపు అంటారు.

పోనీ పక్కన నిలబడి చూసినవాళ్లేమైనా మేలా? ఎడమ పెడల్ విప్పుతుంటే రెండో ఫ్లోర్ ఆయన వచ్చి "ఇలా ఇవ్వమ్మా" అని నా చేతిలో స్పానర్ లాక్కున్నారు. ఎడమ పెడల్‌కి మర ఎదురు తిరుగుతుంది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. "అండీ, దీనికి మర ఎదురుంటుందండీ" అన్నాను. "నేను మెకానికల్ ఇంజనీర్‌నమ్మా" అని బలమంతా పెట్టి బిగించేసి వెళ్లిపోయారు. దాన్ని మళ్లీ వదిలించడానికి నా భుజం పోయింది.

సైకిలు షాపు సంగతి ఇంకా ఘోరం. మా ఆయన్ని బండి నడపడానికి తోడు తీసుకెళ్లాను, అంతే. "28 ఒకటిన్నర టైరు, రెండు కాటర్ పిన్నులు కావాలండీ" అని అడిగింది నేను. షాపాయన మా ఆయన వైపు తిరిగి, "కొత్తది తీసుకోండి సార్, మేడమ్‌కి లేడీస్ మోడల్ ఉంది, ముందు బుట్ట ఫ్రీ" అన్నాడు. మా ఆయన పాపం, "నాకేం తెలీదండీ, ఆవిణ్ణే అడగండి" అన్నారు. అయినా వినడే! టైరు తెచ్చి మా ఆయన చేతికే ఇచ్చాడు. తీసుకుని పక్కన అచ్చు చూశాను. 28 అని ఉంది గానీ అది 700సి అనే వేరే కొలత టైరు. అది కూర్చునే రిమ్ము 622 మిల్లీమీటర్లది, నాది 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా, ఏం చేసినా ఎక్కదు. ఇది కాదని తిరిగి ఇస్తే మళ్లీ మా ఆయన్నే చూసి, "మేడమ్‌కి బాగానే తెలుసే సార్" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను కదయ్యా! ఆ మాటేదో నాతో అనొచ్చు కదా!

ఆ కాటర్ పిన్నులు ఊరికే అడగలేదు. పెడళ్లు తగిలించే క్రాంకు కడ్డీల్ని ఇరుసుకి బిగించే చీలలు అవి. నట్లు ఒకదానికొకటి ఎదురు వైపుకి రావాలి. ముందెప్పుడో ఎవరో రెంటినీ ఒకే వైపు నుంచి కొట్టేశారు. దాంతో ఒక పెడల్ నేరుగా కిందికుంటే రెండోది నేరుగా పైకి లేదు, కాస్త పక్కకి ఒరిగి ఉంది. ఆ పాలాయన అలాగే తొక్కాడు. మోకాళ్ల నొప్పుల వల్ల పాడి తీసేశానన్నాడు. దీనివల్లేనని అనను గానీ, ఆ మెకానిక్ మళ్లీ ఒక్కసారి చూసుకుని ఉంటే ఏం పోయేది?

రంగు విషయానికొస్తే నాకు పసుపంటే ఇష్టం. మన రాష్ట్రంలో సైకిలుకి పసుపు వేస్తే ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు, గుమ్మం దాటేలోపు పార్టీ అంటగడతారు. నా సైకిలుకి నాకిష్టమైన రంగు వేసుకునే స్వేచ్ఛ కూడా లేదు. ముదురాకుపచ్చ డ్యూకో పెయింటు వేయించాను. పాత సైకిళ్లకి ఫ్రేము మీద సన్నగా బంగారు గీతలుండేవి గుర్తుందా? స్టిక్కర్ అంటించేస్తామన్నారు చాలామంది. నేను ఒప్పుకోలేదు. ఆటోనగర్‌లో లారీ బాడీల మీద పేర్లు రాసే ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను. ఆయన ఫ్రేముని రెండు డబ్బాల మీద పెట్టాడు. పొడుగు వెంట్రుకల కుంచె రంగులో ముంచి, డబ్బా అంచుకి తుడిచి, చిటికెన వేలు బారుకి ఆనించి, ఊపిరి బిగబట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క లాగు. స్కేలు లేదు, టేపు లేదు. దారప్పోగంత గీత, ఎక్కడా లావు లేదు, వంకర లేదు. వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఆయన నాతోనే మాట్లాడాడు. ఏ రంగు ఎంత పలచన చెయ్యాలో, ఎండలో ఎందుకు వెయ్యకూడదో అన్నీ చెప్పాడు. పని తెలిసినవాళ్లు ఇలా ఉంటారు. తెలీనివాళ్లే గ్రూపుల్లో ఫోటోలు పెడతారు.

సెక్రటరీ గారి మనవడికి మొన్న పుట్టినరోజుకి గేర్ల సైకిలు కొన్నారు, మౌంటెన్ బైకు. చాలా సంతోషం. అది ఎక్కణ్ణుంచి పుట్టిందో తెలుసా అండీ? 1970లలో కాలిఫోర్నియాలో, మరిన్ కౌంటీ కుర్రాళ్లు ఎవరికీ అక్కర్లేని పాత ష్విన్ క్రూయిజర్లు ఏరుకొచ్చి, పైపైన సామానంతా పీకేసి, కొండ మీంచి కిందికి పందేలు వేసుకునేవాళ్లు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటిది. దిగేసరికి చక్రం మధ్యనుండే హబ్బులో గ్రీజు కాగి పొగై పోయేది, మళ్లీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే 1976లో మొదలైన ఆ పందేలకి రీప్యాక్, అంటే మళ్లీ కూరడం, అని పేరొచ్చింది. ఆ పాత ఇనుములోంచే మౌంటెన్ బైకు వచ్చింది. వాళ్ల సెల్లారుల్లో ఎవరూ ఆదివారంలోగా తియ్యమని గడువు పెట్టలేదు కాబట్టి వచ్చింది.

అసలు "పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం" అన్న ముక్క చదవగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నేను మా ఇంట్లోనే విన్నాను.

మా తాతయ్య బడిపంతులు. ఆయనకో హెర్క్యులెస్ సైకిలు ఉండేది. చైన్ కవరు మీద తెల్ల రంగుతో ఆయన పేరు, ఊరి పేరు. అప్పట్లో సైకిలుకి పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి, రాత్రి దీపం లేకుండా పోతే పోలీసులు ఆపేవాళ్లు. తాతయ్య ఆ బిళ్లలన్నీ ఒక డబ్బాలో దాచాడు. అల్లుళ్లు అలకపాన్పు ఎక్కి సైకిలు అడిగిన కాలం అది. ఆదివారం ఆదివారం ఆ సైకిలు కొబ్బరి నూనె గుడ్డతో తుడిచేదాన్ని నేను. నేర్చుకుంటానంటే మాత్రం "బారు సైకిలు ఆడపిల్లకెందుకే, పడితే ఎవరు చూస్తారు" అన్నారు. తమ్ముడు నేర్చుకున్నాడు. తుడిచేది నేను, తొక్కేది వాడు.

తాతయ్య పోయాక నేను ఇంటర్ హాస్టల్లో ఉన్నాను. సంక్రాంతికి వస్తే పంచలో సైకిలు లేదు. పెద్దమావయ్య పాత సామాన్లవాడికి వేసి స్టీలు డేక్సా తీసుకున్నాడు. ఎవర్నడిగి ఇచ్చావంటే, "తుప్పు పట్టిన ఇనుముకి అడిగేదేముందే" అన్నాడు. బిళ్లల డబ్బా కూడా అందులోనే పోయింది. ఆ డేక్సా ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది. పోయిన సంక్రాంతికి అందులోనే పులిహోర కలిపారు. నేను తినలేదు. ఎందుకు తినలేదని అందరూ అడిగారు, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మావయ్యా, నా పోస్టులన్నీ నువ్వు చదువుతావని నాకు తెలుసు. ఇది కూడా చదువు. తమ్ముడికి బండి కొన్నప్పుడు వాణ్ణి అడిగే రంగు ఎంచారు. నేను తుడిచిన సైకిలు ఇచ్చేటప్పుడు నన్నెందుకు అడగలేదు?

ఫ్రెండ్స్, ఒక సాయం. నా అట్లాస్‌కి చైన్ కవరు అడుగంతా తుప్పు తినేసింది, అతుకు వేసినా ఆగదు. నిండు చైన్ కవరు కావాలి, చైను మొత్తం మూసే పాత రకం. వెనక చక్రానికి 40 స్పోకుల రిమ్ము కూడా. ముందుదానికి 32, వెనకదానికి 40 ఉండే పాత రిమ్ములవి, లెక్కపెట్టి చూస్తే తెలిసిపోతుంది. అట్లాస్, హీరో, హెర్క్యులెస్, రాలీ ఏదైనా సరే, నేను కొలిచి చూసుకుంటాను. మీ ఊళ్లో అటకల మీద, కొట్టాల్లో ఉంటే ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి. ఊరికే వద్దు, డబ్బులిస్తాను. ఉయ్యూరు, గన్నవరం, గుడివాడ వైపైతే నేనే వచ్చి తీసుకెళ్తాను, సొట్టలున్నా పర్వాలేదు.