అఫ్గాన్ మనిషి, అఫ్గానీ డబ్బు

‘సరిహద్దు దాటిన పదివేల అఫ్గానీలు’ అని శీర్షిక పెడితే దాటింది మనుషులో డబ్బో లోపలి వార్త చదివితే గాని తెలియదు. అఫ్గానీ అఫ్గానిస్థాన్ కరెన్సీ. మనిషి అఫ్గాన్, పదిమంది ఉంటే అఫ్గాన్లు. పత్రికల్లోనూ టీవీ స్క్రోలింగుల్లోనూ ఈ రెండూ ఏనాడో కలగలిసిపోయాయి.

పాకిస్థానీ, ఇరానీ, ఇరాకీ అని అలవాటుపడిన నోటికి అఫ్గానీ అనడమూ సహజంగానే తోస్తుంది. కానీ ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్, తుర్క్‌మెనిస్థాన్‌ల మాదిరిగా అఫ్గానిస్థాన్ కూడా జనం పేరు మీద ఏర్పడిన పేరు. ‘స్థాన్’ తీసేస్తే ఉజ్బెక్, తజిక్, తుర్క్‌మెన్, అఫ్గాన్ మిగులుతాయి. పాకిస్థాన్‌లో మిగిలే ‘పాక్’ ఏ జనానికీ పేరు కాదు కనుక అక్కడ ‘ఈ’ తగిలించక తప్పదు. పైగా ఇరాన్‌లో శరణార్థులను ‘అఫ్గానీ’ అని పిలవడంలో చులకన ధ్వనిస్తుంది. చాలామంది అఫ్గాన్లకు ఆ పిలుపు గిట్టదు.

1925లో అఫ్గాన్ రూపాయి స్థానంలో అఫ్గానీ వచ్చింది. వంద పూల్‌లు ఒక అఫ్గానీ. 2002లో నోట్లు మార్చినప్పుడు వెయ్యి పాత అఫ్గానీలకు ఒక కొత్త అఫ్గానీ ఇచ్చారు. అందుకే అంతకు ముందరి మొత్తాలు రాసేటప్పుడు పాతవో కొత్తవో చెప్పకపోతే లెక్క వెయ్యిరెట్లు తప్పుతుంది. ఇక ‘అఫ్గానీ భాష’ అనేది అసలు రాయకూడదు. బాబర్ తన ఆత్మకథలో కాబూల్ భాషల మధ్య ‘అఫ్గానీ’ని లెక్కవేశాడు గాని, అతను అన్నది పష్తోను. నేడు ఆ దేశంలో ప్రధాన భాషలు పష్తో, దరీ.

అసలు చిక్కు ‘అఫ్గాన్’ అన్న మాటలోనే ఉంది. పాత పారశీక గ్రంథాల్లో అఫ్గాన్ అంటే పష్తో మాట్లాడే పష్తూన్ తెగవాడు. 1964 రాజ్యాంగం ఆ మాటను పౌరులందరికీ వర్తింపజేసింది. 2004 రాజ్యాంగం నాలుగో అధికరణం ఇంకో అడుగు ముందుకేసి పష్తూన్, తజిక్, హజారా, ఉజ్బెక్, బలోచ్, నూరిస్తానీ సహా 14 తెగలను పేరుపేరునా చెప్పి, ప్రతి పౌరుడూ అఫ్గానే అంది. కాగితం మీద ముగిసిన ఈ తగవు ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు దగ్గర మళ్లీ లేచింది. కార్డుపై జాతీయత ‘అఫ్గాన్’ అని ముద్రించడాన్ని తజిక్, హజారా నేతలు పలువురు వ్యతిరేకించారు. అది పష్తూన్ల పేరని వారి వాదన. ఏళ్ల తరబడి నలిగాక 2018 ఫిబ్రవరిలో అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ తొలి కార్డుల పంపిణీ ప్రారంభించారు. 2021లో తాలిబన్లు కాబూల్‌ను చేజిక్కించుకున్నాక ఆ రాజ్యాంగం అమల్లో లేకుండా పోయింది. తగవు మాత్రం తీరలేదు. తమను ‘అఫ్గానిస్థానీ’ అని చెప్పుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు.

పౌరసత్వం చెప్పేచోట అఫ్గాన్ అని, తెగ ప్రస్తావన వచ్చినచోట పష్తూన్, హజారా అని విడిగా రాయడమే మాకు సబబుగా తోస్తోంది. మాట్లాడిన మనిషి అఫ్గానిస్థానీ అని చెప్పుకొంటే ఆ మాటను దిద్దకూడదు. పఠాన్ అన్నది పష్తూన్లకు మన ఉపఖండం పెట్టుకున్న పేరు. బామియాన్ హజారాను పఠాన్ అంటే తప్పు. 2022 సెప్టెంబరులో పశ్చిమ కాబూల్‌లోని దష్త్-ఎ-బర్చీలో విద్యాకేంద్రంపై దాడి జరిగింది. ‘అఫ్గాన్ విద్యార్థుల మృతి’ అని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ పేట హజారా షియాలది, వారిపై దాడులు అదే మొదటిసారి కాదు. ఆ ముక్క వదిలేస్తే ఎందుకు జరిగిందన్నది పాఠకుడికి అందదు.

తాలిబన్లు అన్న మాటలో బహువచనం మీద బహువచనం ఉంది; తాలిబ్‌కు తాలిబాన్ అన్నదే బహువచనం. అయినా దాంతో పేచీ అనవసరం, అర్థం చెడటం లేదు. అఫ్గానీ సంగతి అలా కాదు. 19వ శతాబ్దపు మేధావి జమాలుద్దీన్ అల్ అఫ్గానీ పేరులోని ‘ఈ’ని మాత్రం ఏ సబ్ ఎడిటరూ కొట్టేయకూడదు.