తిరగని లాంచీలను అమ్మేయాల్సిందే

ప్రభుత్వ పర్యాటక బోట్ల మాట వచ్చినప్పుడల్లా ఎన్ని ఉన్నాయి, కొత్తవి ఎన్ని కొంటారు అనే అడుగుతాం. ఏడాదిలో ఎన్ని రోజులు తిరిగాయని ఎవరూ అడగరు. అది అడిగితే సగం చర్చ అక్కడే తేలిపోతుంది. నా మాట ముందే చెప్పేస్తాను: ఎక్కువ రోజులు ఒడ్డుకు కట్టేసి ఉండే షికారు బోట్లను రెండు తెలుగు రాష్ట్రాలూ అమ్మేయాలి. రిపేరు చేయించి చూద్దాం, వచ్చే సీజన్ దాకా ఆగుదాం అనడం వల్ల పోయేది మన డబ్బే.

మన నదుల తీరే షికారు బోటుకు పెద్దగా అచ్చిరాదు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయంటే పాపికొండల యాత్ర ఆగిపోతుంది. వరద తగ్గి, మళ్లీ అనుమతులు వచ్చి, బోటు కదిలేసరికి వానాకాలం మొత్తం గడిచిపోతుంది. కార్తీక మాసంలో జనం విరగబడతారు, సంక్రాంతి సెలవుల్లో వస్తారు, ఆ తర్వాత శని, ఆదివారాలే దిక్కు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్లే లాంచీ సంగతి ఇంకా విచిత్రం. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జలాశయం నిండుగా ఉంటేనే ఆ ప్రయాణం. పైన ఆల్మట్టి, జూరాల నిండి, శ్రీశైలం గేట్లు ఎత్తితే గానీ ఆ రోజు రాదు. మహాబలేశ్వరంలో వాన కోసం ఇక్కడ టికెట్ కౌంటర్ ఎదురుచూడాలన్నమాట!

తిరగని రోజుల్లో ఖర్చు ఆగుతుందా అంటే, ఆగదు. సరంగుకు, ఇంజిన్ డ్రైవర్‌కు, కళాసీలకు జీతాలివ్వాలి. పాత 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్, సర్వే (అంటే బోటు భద్రతా తనిఖీ) సర్టిఫికెట్, బీమా ఉండాలి. ఇవి ఉండాల్సినవే, వాటితో నాకు పేచీ లేదు. కానీ బోటు వంద ట్రిప్పులు వేసినా పది ట్రిప్పులు వేసినా ఈ ఖర్చుల్లో పెద్ద తేడా రాదు. పైగా వాడని బోటే త్వరగా పాడవుతుంది. నీటి అడుగున ఇనుప రేకు తుప్పు పడుతుంది, బ్యాటరీలు దిగిపోతాయి, డీజిల్ ట్యాంకులోకి నీరు చేరుతుంది, ఇంజిన్‌లో రబ్బరు సీళ్లు బిగుసుకుపోతాయి. రెండేళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే రిపేరు ఎస్టిమేట్ చూసి అధికారులే భయపడి ఫైలు పక్కన పడేస్తారు. ఆ పక్కన పడేసిన రోజు నుంచే బోటు తుక్కు కింద లెక్క.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక నౌక కథ చెబుతుంది. జిమ్మీ కార్టర్ అధ్యక్షుడయ్యాక 1977లో సెకోయా అనే అధ్యక్షుల విహార నౌకను దుబారా అంటూ అమ్మించారు. వేలంలో 2,86,000 డాలర్లు వచ్చాయి. తర్వాత అది చేతులు మారి, అప్పు తగాదాలో చిక్కుకుని, వర్జీనియాలో ఒక బోట్ యార్డులో ఏళ్ల తరబడి ఉండిపోయింది. చెక్క కుళ్లింది, రకూన్లు అనే అడవి జంతువులు కాపురం పెట్టాయి. అప్పిచ్చినవాళ్లు సున్నా డాలర్లకు దాన్ని తీసుకోవచ్చని 2016లో డెలావేర్ కోర్టు తేల్చింది. ప్రభుత్వం నడిచే నౌకను అమ్మింది కాబట్టి డబ్బు వచ్చింది. తగువు తేలేదాకా ఒడ్డున పెట్టుకున్నవాళ్లకు సున్నా మిగిలింది. మన శాఖలు ఏ దారి పడుతున్నాయో వేరే చెప్పాలా?

కట్టేసిన బోటు ఎవరికీ హాని చేయదన్న భ్రమ కూడా 2024 సెప్టెంబరు 1తో పోవాలి. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ మీదికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్లకు గుద్దుకుని, గేట్లు ఎత్తి దించడానికి తోడ్పడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) విరగ్గొట్టాయి. వాటిని బయటకు తీయడానికి పట్టిన రోజులు, పడిన పాట్లు అందరం టీవీల్లో చూశాం. అవి ఇసుక పడవలే, షికారు బోట్లు కావు. కానీ వరదకు ఆ తేడా తెలియదు.

అమ్మేస్తే నది మొత్తం ప్రైవేటు వాళ్ల చేతికి వెళుతుంది, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగింది ప్రైవేటు బోటే కదా అంటారు. నిజమే. దాదాపు 50 మంది ప్రాణాలు పోయాయి, ధర్మాడి సత్యం బృందం బోటును బయటికి లాగేసరికి నెల దాటింది. అయితే అక్కడ విఫలమైంది తనిఖీ. అంత వరదలో బోటును కదలనిచ్చినవాళ్లెవరు అన్నది ప్రశ్న, బోటు ఎవరి పేరున ఉందన్నది కాదు. తానే బోట్లు నడుపుకునే ప్రభుత్వం ఎదుటివాడి బోటును గట్టిగా తనిఖీ చేస్తుందని నేను నమ్మను. వ్యాపారం వదిలేసి కాపలా పని సరిగ్గా చేయమనండి.

అసలు నాకు కోపం వచ్చేది ఇంకో చోట. నదిలో ప్రభుత్వం డబ్బు ఎవరి కోసం ఖర్చవుతోంది? ఏడాదికోసారి వచ్చి సెల్ఫీ దిగిపోయేవాడి కోసమా, రోజూ రేవు దాటేవాడి కోసమా? 2018 జూలైలో కోనసీమలోని పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్లకు వస్తున్న పిల్లలతో ఉన్న నాటు పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. ఆడపిల్లలు గోదావరిలో కలిసిపోయారు. ఆ పిల్లలకు లైఫ్ జాకెట్లు లేవు, అటు టూరిస్టు బోటులో మాత్రం సీటుకొకటి ఉండాలని నిబంధన పెట్టుకున్నాం. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య మోటారు సైకిళ్లు, కార్లు ఎక్కించుకుని ఇప్పటికీ పంటు తిరుగుతుంది. అది ఆగిందంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుదీ ఇదే బాధ. వరదొస్తే లంక గ్రామాల వాళ్లకు ఇంకేదీ ఉండదు, పడవే దారి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, దాన్ని కట్టించిన కాటన్ దొర, కాలువలను పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికీ పనికొచ్చేలా తవ్వించారు. అందుకే లాకులు కట్టారు. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు ఇప్పుడు ఫొటోలకు, షూటింగులకు పనికొస్తున్నాయి. జల రవాణాను మనం ఇలా బొమ్మను చేసుకున్నాం. 2008లో గోదావరి, కృష్ణ, వాటి కాలువలను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. రాజమహేంద్రవరం నుంచి కాలువ పడవ ఎక్కి కాకినాడ వెళ్లి వచ్చినవాడు ఎవరైనా ఉంటే చూపించండి. జనం వాడే పడవకు నిధులుండవు, ఏసీ క్యాబిన్ ఉన్న బోటుకు మాత్రం రిబ్బను కత్తిరించడానికి మంత్రులు వస్తారు.

అందుకే అమ్మగా వచ్చిన డబ్బు ఖజానాలో కలపకుండా రేవులకే ఇవ్వాలి. పంటులకు కొత్త ఇంజిన్లు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, రాత్రి లైట్లు, ఎక్కి దిగడానికి గట్టి జట్టీలు కావాలి. వీటికి కోట్ల ప్రాజెక్టు నివేదికలు అక్కర్లేదు.

నాగార్జునకొండ లాంచీలను మాత్రం ముట్టుకోవద్దు. ఆ దీవి మీద మ్యూజియానికి వెళ్లడానికి వేరే దారి లేదు, కాబట్టి దాన్ని షికారు కింద లెక్కేయకూడదు. మిగతా వాటికి ఒకటే కొలత పెట్టండి: నదిలో అనుమతి ఉన్న రోజుల్లో సగం కూడా తిరగని బోటు, వరుసగా రెండు సీజన్లు అలాగే ఉంటే, వేలానికి వెళ్లాలి. వేలం కూడా వేసవిలోనే పెట్టాలి. కొనేవాడికి వానాకాలంలో ఒడ్డుకు లాగి రేకులు మార్చుకుని, రంగులేసుకుని, సర్వే చేయించుకునే వ్యవధి ఉంటుంది. కార్తీకానికి బోటు సిద్ధమవుతుందంటే మంచి ధర పెడతాడు. కార్తీకం అయిపోయాక అమ్మితే తుక్కు వ్యాపారి ఒక్కడే వస్తాడు.