గొంతు ఎత్తలేని వాళ్ల మాట 911కు చేరుతోందా?

2016 జూన్ 12 తెల్లవారుజామున అమెరికాలోని ఓర్లాండోలో పల్స్ నైట్‌క్లబ్‌లోకి చొరబడిన దుండగుడు 49 మందిని పొట్టన పెట్టుకున్నాడు. బాత్‌రూముల్లో దాక్కున్న కొందరు, గొంతు వినబడితే ప్రాణం పోతుందని, ఇంట్లోవాళ్లకు మెసేజ్‌లు పెట్టారు. పోలీసులకు ఫోన్ చెయ్యమని ఒక కొడుకు తల్లిని వేడుకున్న మెసేజ్ ఆ తర్వాత లోకమంతా చదివింది. అదే మెసేజ్ నేరుగా అమెరికా అత్యవసర నంబర్ 911కు పెట్టినా లాభం ఉండేది కాదు. అప్పటికి అక్కడి 911 కేంద్రంలో మెసేజ్‌లు అందుకునే ఏర్పాటే లేదు.

సాంకేతికత లేక కాదు. అయోవా రాష్ట్రంలోని బ్లాక్ హాక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) 2009లోనే ఈ సేవ మొదలుపెట్టింది. 2014 మే నాటికి నాలుగు పెద్ద మొబైల్ కంపెనీలు ముందుకొచ్చాయి. మిగతా కంపెనీలు కూడా ఆ ఏడాది చివరికల్లా సిద్ధం కావాలని టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆదేశించింది. అయితే ఆ ఆదేశం మెసేజ్ మోసుకెళ్లే కంపెనీలకే. అందుకోవాల్సిన 911 కేంద్రాలను నడిపేది కౌంటీలు, నగరాలు, రాష్ట్రాలు. 911 కేంద్రం కోరితే కంపెనీ ఆరు నెలల్లో సేవ అందించాలి. కోరకపోతే అంతే సంగతులు. కౌంటీ సరిహద్దు దాటగానే ప్రాణానికున్న పూచీ మారిపోవడం నా దృష్టిలో ఘోరమైన అన్యాయం. సేవ లేని చోట మెసేజ్ పెడితే 'ఇక్కడ కుదరదు, ఫోన్ చెయ్యండి' అని జవాబొస్తుంది. ఫోన్ చెయ్యలేకే కదా మెసేజ్ పెట్టింది!

అధికారుల అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. ఎస్ఎంఎస్ ఆలస్యం కావచ్చు, అసలు అందకపోనూ వచ్చు. ఫోన్‌లోనైతే అవతలి కేకలు, శ్వాస తీరు ఆపరేటర్‌కు వినబడతాయి. మెసేజ్‌లో ఒక్కో ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూడాలి. అందుకే, వీలైతే ఫోన్ చెయ్యండి, కాకపోతేనే మెసేజ్ పెట్టండి అని అక్కడ ప్రచారం చేస్తారు. అది సరైన మాటే. కానీ బధిరులకు, మాట రానివాళ్లకు, కొట్టే భర్త పక్క గదిలో ఉన్న ఇల్లాలికి ఆ 'వీలైతే' వర్తించదు. 1990 నాటి వికలాంగుల చట్టం పుణ్యమా అని 911 కేంద్రాల్లో బధిరుల కోసం టీటీవై అనే టైపింగ్ యంత్రాలకు జవాబిచ్చే ఏర్పాటు వచ్చింది. వాళ్లు ఆ యంత్రాలను వదిలేసి మొబైల్‌కు మారి ఎన్నో ఏళ్లయింది. వాళ్ల హక్కు మాత్రం పాత యంత్రం దగ్గరే ఆగిపోతే ఎలా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇండియా సిమ్‌తో రోమింగ్‌లో ఉంటే 911కు మెసేజ్ వెళ్తుందన్న భరోసా లేదు. సిమ్ లేని పాత ఫోన్ నుంచి 911కు కాల్ కలవొచ్చు గానీ, మెసేజ్ పెట్టాలంటే ప్లాన్ ఉండాల్సిందే. అక్కడి సిమ్ తీసుకోవడం మంచిది. భాష సమస్య మరొకటి. ఫోన్ చేస్తే చాలా కేంద్రాలు దుబాసీని లైన్‌లోకి తెస్తాయి. మెసేజ్‌లకు అంత ఏర్పాటు అన్నిచోట్లా లేదు. పైగా ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70కే నిండిపోతుంది. అందుకే ఇంటి చిరునామా, 'సాయం కావాలి' అన్న ముక్క ఇంగ్లిష్‌లో ముందే రాసి ఫోన్‌లో పెట్టుకోవాలి. మెసేజ్‌లో మొట్టమొదట ఉండాల్సింది చిరునామానే.

మన దగ్గర అత్యవసర సాయానికి 112 నంబర్ ఉంది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు, మామూలు ఫోన్‌లో 5 లేదా 9 నొక్కిపట్టుకోవాలన్న ప్రచారం బాగానే జరిగింది. అయితే ఆ బటన్ నొక్కితే వెళ్లేది ఫోన్ కాల్. 2011 జనగణన ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. వాళ్లు ఆ కాల్‌లో ఏం వింటారు, ఏం చెబుతారు? 112 ఎస్ఎంఎస్‌లు కూడా అందుకుంటుందని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. మరి ఆ మాట పోలీస్ స్టేషన్ గోడల మీద, బధిరుల పాఠశాలల్లో, బస్సుల వెనక రాయించాలి. మెసేజ్ పెట్టిన మనిషికి తిరిగి ఫోన్ చెయ్యకుండా మెసేజ్‌తోనే జవాబివ్వడం ఆపరేటర్లకు నేర్పాలి. దాక్కున్నవాళ్ల చేతిలో ఫోన్ మోగిందంటే, వాళ్లెక్కడున్నారో మనమే శత్రువుకు చెప్పినట్టు.