మంచుపెట్టెలో గుండెకు మందు

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్‌లో మార్పిడి కోసం ఒక దాత గుండె మెట్రో రైలెక్కింది. ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేరింది. మెచ్చుకోదగ్గ పనే. కానీ మన ధ్యాసంతా దారి మీదే. పెట్టెలో గుండెకు ఏమవుతోందన్నది చర్చకే రాదు.

దాత గుండెను పొటాషియం ఎక్కువున్న చల్లటి ద్రావణంతో ఆపి, సంచుల్లో కట్టి మంచులో పెడతారు. చలికి కణాల ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పైగా సోడియాన్ని బయటికి తోడే పంపులు మందగిస్తాయి. సోడియం, దాని వెంట నీరు, కాల్షియం చేరి కణాలు ఉబ్బుతాయి. నాలుగు గంటలు దాటితే వైద్యుల్లో గుబులు మొదలవుతుంది. అసలు దెబ్బ ఆ తర్వాతే. కొత్త ఒంట్లో వెచ్చటి రక్తం ఒక్కసారిగా పారగానే పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. కుట్లన్నీ సరిగ్గా పడినా గుండె మొరాయించేది అప్పుడే.

దీనికి రసాయనాలతో విరుగుడు వెతకడం కొత్త కాదు. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సర్జన్ బెల్జర్ బృందం కణాలు ఉబ్బకుండా లాక్టోబయోనేట్, రాఫినోస్, రాడికల్స్‌ను అడ్డుకోవడానికి గ్లూటాథయోన్, అల్లోప్యూరినాల్ కలిపి ద్రావణం తయారుచేసింది. సిడ్నీ సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రి వైద్యులు 2014లో దాత ఒంట్లోనే కొట్టుకోవడం ఆగిన గుండెలనూ మార్చగలిగారు. వెచ్చటి రక్తం ప్రసరింపజేసే యంత్రానికి తోడు, ఎరిత్రోపోయిటిన్, నైట్రోగ్లిజరిన్ మందులు కలిపిన ద్రావణం వాడారు. ఈమధ్య అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిల్వ ద్రావణంలో మూర్ఛమందు వాల్‌ప్రోయేట్‌ను, కాన్రెనోన్‌ను విడివిడిగా కలిపి చూస్తే గుండె పనితీరు మెరుగుపడింది. కాన్రెనోన్ ఎక్కడిదో కాదు, మన హృద్రోగులు ఏళ్లుగా మింగుతున్న స్పైరనోలాక్టోన్ ఒంట్లో మారే రూపాల్లో ఒకటి.

మిషిగన్‌వి ప్రయోగశాల ఫలితాలు, రేపే రోగి మీద వాడేవి కావు. అయినా మనకు ఆశ ఉన్నది ఇక్కడే. యంత్రం ఖరీదు ఎన్ని ప్రభుత్వాసుపత్రులు భరించగలవు? సీసాలో మందయితే ఎక్కడికైనా చేరుతుంది. చిక్కల్లా, పేటెంట్ గడువు తీరిన మందు మీద పరీక్షలకు కంపెనీలు డబ్బు పెట్టవు. పెట్టాల్సింది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వాలు. మార్పిడికి పనికిరావని పక్కనపెట్టిన గుండెల మీద, కుటుంబాల అనుమతితో, ముందు పరీక్షలు చేయించవచ్చు. ఈలోగా ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్, ప్రతి గుండె ఎంతసేపు మంచులో ఉంది, ఏ ద్రావణంలో ఉంది, మార్చిన తొలి 24 గంటల్లో ఎలా పనిచేసింది అన్న వివరాలను ఏటా పేర్లు లేకుండా ప్రకటించాలి.