ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గారికి, తిరుపతి నుంచి నమస్కరించి రాసుకునేది ఏమంటే...

తమరు క్షేమమని తలుస్తూ వచ్చాం. కాదని నిన్న మధ్యాహ్నం తెలిసింది. స్లాట్ ఉంది, డబ్బు కట్టిన రశీదు ఉంది, శాంపిల్ ఉంది, ఆఖరికి ఆపరేటర్ కూడా ఉన్నాడు. వాక్యూమ్ లేదు, ఛాంబర్‌లో గాలంతా లాగేస్తే గానీ తమరు చూడరాయె. "ఇయ్యాల లాగట్లేదు సార్, వచ్చే వారం ఫోన్ చెయ్యండి." దర్శనం స్లాట్‌తో పోలిక తేను. ఊళ్లో అందరూ తెచ్చేశారు, పైగా అక్కడ ఆలస్యమైనా దర్శనం అవుతుంది.

మన ఊరు నానో హబ్ అవుతోందని సదస్సు జరిగిన ప్రతిసారీ ఫ్లెక్సీ చెబుతుంది. కాదనేదేముంది? 1954 నాటి ఎస్వీయూ, 1983 నాటి మహిళా వర్సిటీ, 2015లో ఒకే ఏడు వచ్చిన ఐఐటీ, ఐజర్, ఇంకా వ్యవసాయ పరిశోధన కేంద్రం. అటు రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, ఇటు శ్రీసిటీ. శాలువాలకైతే అసలు కరువే లేదు. మామూలు మైక్రోస్కోపుకు అందని ఆ నానోకణాన్ని తయారైన రోజే చూసుకునే వీలు, అదొక్కటే లేదు. తమరు ఏ భవనంలో కొలువున్నారో చెప్పి పరువు తీయను.

నిన్న వాక్యూమ్ ఎందుకు రాలేదో తమకు తెలియనిదా? ముందు స్లాట్ వాళ్లు ఆకుపసరుతో చేసిన నానోకణాల పొడిని పచ్చిగానే తెచ్చి, శాంపిల్ అంటించే కార్బన్ టేపు మీద దట్టంగా చల్లారు. తడి పొడి ఛాంబర్‌లో ఆవిరి వదులుతూనే ఉంటుంది, పంపు లాగుతూనే ఉంటుంది, గేజి మీద అంకె కదలదు. పొడిని రాత్రంతా 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి. టేపు మీద చిటికెడులో సగం వెయ్యాలి. అంటుకోనిది ఎగిరిపోయేలా ఊది, ఆ తర్వాతే లోపల పెట్టాలి. ఈ మూడు ముక్కలూ తలుపు మీద అంటిస్తే సరిపోయేది. తలుపు మీద "చెప్పులు బయట విడువుము" అని మాత్రం ఉంది.

(ఆకుపసరు సంగతి వేరే ఉత్తరానికి సరిపోతుంది. వేప, తులసి, ఉత్తరేణి అయిపోయి ఎర్రచందనం ఆకు దాకా వచ్చారు. సిల్వర్ నైట్రేట్‌లో పసరు పోయడం, రంగు గోధుమకు తిరగ్గానే పేపర్ రాయడం.)

వాక్యూమ్ కుదిరిన రోజు ఎలక్ట్రాన్లను వదిలే ఫిలమెంట్ పోతుంది. టంగ్‌స్టన్ తీగ కొన్ని పదుల గంటల నుంచి వంద గంటల దాకా వెలిగి కాలిపోతుందని అందరికీ తెలుసు. అయినా బీరువాలో ఇంకొకటి ఉండదు. పోయాకే ఇండెంట్, ఆపైన మూడు కొటేషన్లు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, ఆడిట్ కొర్రీ. గ్రాంటులో తమరిని కొనే పద్దు ఉంది, తమరిని నడిపే పద్దు లేదు. ప్రాజెక్టు ముగిసింది, మరమ్మతులు చూసే ఏఎంసీ ఒప్పందం ముగిసింది, తమరూ ముగిశారు. ఉబ్బిపోయిన యూపీఎస్ బ్యాటరీలు, మే నెలలో తమరిని చల్లబరచాల్సిన చిల్లర్... వాటి ఊసెత్తను.

శాంపిల్ మీద వేసే బంగారు పూతదీ అదే తంతు. పుయ్యకపోతే ఎలక్ట్రాన్లు శాంపిల్ మీదే పేరుకుని, అదే ఛార్జింగ్, ఫోటో నిండా తెల్ల చారలు. ఎక్కువ పూస్తే పూత రేణువులే కనిపిస్తాయి, వాటినే కొలిచి "మా నానోకణాలు" అని రాసేసుకునేవాళ్లూ ఉన్నారు.

పక్క గదిలో డీఎల్‌ఎస్ ఉంది కదా, కణాలు వెదజల్లే కాంతిని బట్టి సైజు చెబుతుంది కదా అంటావు. ఇక తమరు, గారు చాలు. చిన్న కణాలు వెదజల్లే కాంతి వాటి వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 200 నానోమీటర్ల ముద్ద ఒక్కటి, 20 నానోమీటర్ల కణాలు పది లక్షలు కలిసి ఇచ్చేంత కాంతి ఇస్తుంది. కాస్త దుమ్ము పడితే చాలు, అసలు సరుకు లెక్కలోకే రాదు. పోనీ చెన్నైకి పంపు అంటావు. జింక్ ఆక్సైడ్ కణాలు నీళ్లలో ఒకదానికొకటి అతుక్కుని, చేరేసరికి సీసా అడుగున తెల్ల మడ్డి అయ్యుంటాయి. వాళ్లు శబ్దతరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పెట్టి మళ్లీ విడగొడతారు. ఫోటోలో వచ్చేది మనం పంపిన శాంపిల్ కాదు, వాళ్లు విడగొట్టగా వచ్చింది.

ఇదంతా ఫోటోల మోజు అనుకుంటున్నావా? తిరుపతి వాళ్లే 2012లో అచ్చేశారు: పాతిక నానోమీటర్ల జింక్ ఆక్సైడ్‌ను 1000 పీపీఎం (పది లక్షల పాళ్లకు వెయ్యి పాళ్లు) మోతాదులో వేరుశనగ విత్తనానికి పట్టిస్తే మొలక బాగుంది, 2000 పీపీఎంకు వెళ్తే దెబ్బతింది. మన నేల, మన పంట, మన పని. రేపు ఇక్కడి కుర్రాడెవడో ఆ మందును పీలేరు, పలమనేరు దుకాణాల్లో అమ్మాలంటే బ్యాచ్ బ్యాచ్‌కూ సైజు చూపించాలి. వారానికి మూడు బ్యాచ్‌లు చేసేవాడికి నువ్వు నెలకొక స్లాట్ ఇస్తావు, అదీ వాక్యూమ్ వస్తే. వాడు బెంగళూరుకు పోక ఇక్కడ ఏం చేస్తాడు? సీసా మీద నానో అని అచ్చు వేయించడానికి మైక్రోస్కోపు అక్కర్లేదని తెలిసినవాడు మాత్రం ఇక్కడే ఉండి బాగుపడతాడు.

పెద్దలెవరైనా చూడ్డానికి వచ్చిన రోజు నీకు ఏ రోగమూ ఉండదని మాకు తెలుసు. ఆ పావుగంటకు ఫిలమెంట్ ఎక్కడినుంచో వస్తుంది, దోమ తల చూపించి చప్పట్లు కొట్టించుకుంటావు. ఈసారి ఆ దోమ పక్కన మా శాంపిల్ అంటించిన బిళ్ల, అదే స్టబ్, కూడా ఒకటి పెట్టించు. హోల్డర్‌లో ఇంకా చోటుంటుంది.

ఇట్లు,
రశీదు పట్టుకుని వరండాలో ఉన్నవాళ్లు