అంగారక శిల గారికి గరివిడి పెన్షనరు రాయునది

మహారాజశ్రీ ఏఎల్‌హెచ్ 84001 గారికి,

విజయనగరం జిల్లా గరివిడి నుంచి ఒక పెన్షనరు నమస్కారాలు. తమరికి 400 కోట్ల ఏళ్లు పైబడ్డాయి కాబట్టి మర్యాద తప్పను. కానీ 1996 ఆగస్టులో తమరు చేసిన హడావుడి మీద కొంచెం మాట్లాడాలి.

1984లో అంటార్కిటికా మంచు మీద దొరికారు. 1993 దాకా అంగారకుడి బిడ్డని ఎవరూ గుర్తుపట్టనే లేదు. మరో మూడేళ్లకి 'ఇందులో సూక్ష్మజీవుల శిలాజాలు ఉండొచ్చు' అనిపించుకుని, ఏకంగా క్లింటన్ చేతనే వైట్‌హౌస్ బయట మాట్లాడించారు. రెండు కిలోలు కూడా తూగని రాయికి ఎంత పలుకుబడి!

నేను ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం కౌంటరు ముందు నిలబడతాను. గుమస్తాతో గొడవ కూడా పడతాను. అయినా మిషన్‌లో వేలిముద్ర పడకపోతే బతికున్నట్టు కాదు. తమరేమో పురుగులా వంకర తిరిగిన గీత చూపించి సర్టిఫికెట్ ఇమ్మన్నారు!

ఆ పురుగులు చాలావరకు 100 నానోమీటర్ల లోపే. ప్రోటీన్ తయారుచేసే ఒక్క రైబోజోమే 20 నానోమీటర్లు దాటుతుంది. ఇక మిగతా సరంజామా ఎక్కడ పడుతుంది? బాక్టీరియా చేసినట్టున్న మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం స్ఫటికాలు కూడా చూపించారు. ఇనుప కార్బొనేట్‌ని బాగా వేడిచేస్తే అవి జీవం లేకుండానే వస్తాయని తేలింది.

ఆకారాన్ని నమ్మితే మా ఊళ్లోనే చిక్కు. మాంగనీసు రాతి పగుళ్లలో నల్లగా పాకి అచ్చం ఫెర్న్ ఆకులా కనబడుతుంది. మా మనవడు 'తాతా, శిలాజం!' అంటూ ఎగిరాడు. అక్కడ ఏ మొక్కా మొలవలేదు. అసలు ఈ తూర్పు కనుమల ఖోండలైటు భూగర్భంలో ఉడికి వచ్చిన రాయి. ఒకప్పుడు సూక్ష్మజీవులు ఉన్నా వాటి ఆకారం మిగలదు. 2003లో గార్సియా‑రూయిజ్ బృందం బేరియం, సిలికాలతో ల్యాబులోనే మెలికలు పెంచింది. ప్రాచీన బాక్టీరియా శిలాజాలంటే నమ్మేలా ఉన్నాయవి.

ఇప్పుడు తమరి ఊరివాడే, చెయావా ఫాల్స్ అనే శిల, 2024లో చిరుతపులి మచ్చలతో బయటపడ్డాడు. అతను కొంచెం బుద్ధిమంతుడు. బురదరాయి, సేంద్రియ కార్బన్, మచ్చల్లో ఇనుము-ఫాస్ఫేటు, ఇనుము-గంధకం ఖనిజాలు, అన్నీ ఒకేచోట చూపించాడు. అయినా 2025లో శాస్త్రవేత్తలు 'జీవం ఆనవాలు కావచ్చు' అన్నారే గానీ సంతకం పెట్టలేదు. అతని ముక్క నాసా పర్సెవరెన్స్ రోవరు గొట్టంలో అంగారకుడి మీదే ఉంది, తెచ్చే ఏర్పాటు ఇంకా తేలలేదు. తమరికైతే టికెట్ అక్కర్లేకపోయింది, ఏదో ఢీకొట్టిన దెబ్బకి ఎగిరొచ్చేశారు.

ఇట్లు,
వేలిముద్ర సరిగా పడని ఒక పెన్షనరు